ప్రకాశం పంతులు గారి డబ్బు సంచి

ఖతర్‌లో పనిచేసే మన తెలుగువాళ్ళకి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు కొత్త కాదు. మాలో ఒంగోలు, చీమకుర్తి వైపు వాళ్ళకైతే అది రోజూ రాసే పేరు. ఏ ఫారం నింపినా జిల్లా అన్న గడిలో ఆయన పేరే రాస్తాం. విజయవాడలో కృష్ణ మీద ఉన్న బ్యారేజీకీ ఆయన పేరే. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి గుండె చూపించిన కథ బళ్ళో అందరం చదువుకున్నాం. ఆ కథ కోసమైతే ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

మేము రాసేది ఆయన డబ్బు సంగతి. ఆయన సంపాదించింది ఎంత, పోగొట్టుకుంది ఎంత, జనం ఇచ్చిన డబ్బు గురించి ఆయన్ని ఎవరు నిలదీశారు, ఆ తర్వాత ఏమైంది అన్నది. ఎందుకంటే అల్ సద్‌లో శుక్రవారం సాయంత్రం నలుగురం కలిస్తే మాట్లాడుకునేది ఎక్కువగా ఊరి నాయకుల ఆస్తుల గురించే. ఫలానా ఎమ్మెల్యే ఎన్ని ఎకరాలు కొన్నాడు, ఫలానా సర్పంచికి అంత కారు ఎక్కడి నుంచి వచ్చింది అని టీ చల్లారేదాకా మాట్లాడతాం. నాయకుడి జేబు గురించి అడగడం తప్పా, ఒప్పా? అడిగితే ఎలా అడగాలి? దీనికి ప్రకాశం గారి జీవితం కంటే మంచి పాఠం మాకు దొరకలేదు.

పూటకూళ్ళ ఇంటి నుంచి బారిస్టరు దాకా

ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. తల్లి పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. ఇప్పటి మాటలో చెప్పాలంటే మెస్ అన్నమాట. పదిమందికి వండి వడ్డించి ఆ డబ్బుతో పిల్లల్ని సాకింది. పరీక్ష ఫీజు 3 రూపాయలు కట్టడానికి లేకపోతే తన పట్టుచీర తాకట్టు పెట్టి కట్టిందట ఆ తల్లి. రూపాయి విలువ ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఈ కుర్రాడిని చేరదీశారు. ఆయన వెంటే ప్రకాశం రాజమండ్రి వెళ్ళారు. అక్కడ చదువూ సాగింది, నాటకాల్లో వేషాలూ సాగాయి. తర్వాత మద్రాసులో లా చదివి, రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా బోర్డు పెట్టారు. కేసులు బాగా వచ్చాయి, డబ్బూ వచ్చింది. 1904లో రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. అప్పటికి ఆయనకి ముప్పై రెండేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. అంటే మా వయసే.

రెండో తరగతి ప్లీడరు హైకోర్టులో నిలబడి వాదించడానికి లేదు. పైకి పోవాలంటే బారిస్టరు కావాలి. అందుకని ఇంగ్లండు వెళ్ళి, చదువు ముగించుకుని 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి ఇక వెనక్కి చూసింది లేదు. పద్నాలుగేళ్ళలో మద్రాసులో పేరు మోసిన వకీళ్ళ వరసలో ఆయన ఒకరు. ఇళ్ళు, స్థలాలు, ఊటీలో ఆస్తి, అన్నీ అమిరాయి. పూటకూళ్ళమ్మ కొడుకు లక్షాధికారి అయ్యారు. ఇది అంతా సొంత కష్టం. ఇందులో ఒక్క పైసా ప్రజలది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం వస్తుంది.

స్వరాజ్య పత్రిక తిన్న ఆస్తి

1921లో గాంధీగారి సహాయ నిరాకరణ పిలుపు మీద ప్రకాశం గారు కోర్టు మానేశారు. నెలనెలా వేలు తెచ్చే పనిని ఒక్కసారిగా వదిలేశారు. మనలో ఓవర్ టైము నాలుగు గంటలు పోతేనే ఆ నెల లెక్కలు తలకిందులవుతాయి. అలాంటిది మొత్తం సంపాదనే వదులుకోవడం ఎంత పనో ఆలోచించండి. పైగా ప్రాక్టీసు వదిలి ఊరుకోలేదు. మద్రాసు నుంచి స్వరాజ్య అనే ఇంగ్లీషు దినపత్రిక పెట్టారు. దానికి తెలుగులోనూ తమిళంలోనూ కూడా తోడు పత్రికలు నడిపారు. జాతీయ పాఠశాల, ఖద్దరు కేంద్రం కూడా నడిపారు.

దినపత్రిక అంటే ఏమిటో మనకి తెలియకపోయినా, రోజూ కాంక్రీటు పోసే సైటు అంటే తెలుసు. ఒక్కరోజు కూడా ఆగడానికి లేదు. కాగితం రావాలి, సిరా రావాలి, మిషను తిరగాలి, జీతాలు ఇవ్వాలి. ప్రభుత్వాన్ని తిట్టే పత్రికకి ప్రకటనలు అంతంతమాత్రం. కోటంరాజు రామారావు, ఖాసా సుబ్బారావు లాంటి గట్టి జర్నలిస్టులు అక్కడ పనిచేశారు. జీతాలు అందని నెలలు ఎన్నో. అయినా పత్రిక మీద ప్రేమతో ఉన్నారు. ప్రకాశం గారు ఊరూరా తిరిగి వాటాలు అమ్మారు, విరాళాలు అడిగారు, చాలనప్పుడు సొంత ఆస్తి తెచ్చి అందులో పోశారు. అదీ చాలలేదు, అప్పులు చేశారు. కేరళలో మాప్పిళ్ళ తిరుగుబాటు జరిగినప్పుడు నిషేధాన్ని కాదని అక్కడికి వెళ్ళినందుకు ప్రభుత్వం ఊటీ ఆస్తిని జప్తు చేసింది. సుమారు పదిహేనేళ్ళు ఈడ్చి ఈడ్చి చివరికి 1930ల నడుమ పత్రిక మూతపడింది.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. ఒక సంచిలో సొంత డబ్బు, వాటాదార్ల డబ్బు, దాతల డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు అన్నీ కలిశాయి. అందులో నుంచి పత్రికకి పోయింది, ఉద్యమానికి పోయింది, ఇంటికి వచ్చిన పదిమంది కార్యకర్తల భోజనాలకి పోయింది. ఆయన తీసుకున్న దాని కంటే పెట్టిందే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఏ రూపాయి ఎవరిది అంటే గీత గీసి చూపించడానికి వీలు లేకుండా పోయింది. సొంతది అంతా ప్రజలకి ఇచ్చేసిన మనిషికి, ప్రజలు ఇచ్చింది కూడా తనదే అనిపించడం సహజం. సహజమే గాని సరైంది కాదు. ఈ తేడా చెప్పడానికే మేము ఇంత దూరం వచ్చాం.

లెక్క అడిగే స్థానంలో

1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌కి ఎదురు తిరిగి ఆంధ్రకేసరి అయ్యారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం కోసం ఢిల్లీ శాసనసభ సభ్యత్వం వదులుకుని జైలుకెళ్ళారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. అప్పటి కాంగ్రెస్ నియమం ఒకటి ఈ రోజుల్లో వింటే నమ్మబుద్ధి కాదు. 1931 కరాచీ తీర్మానం ప్రకారం ప్రభుత్వంలో ఎవరి జీతమూ నెలకి 500 రూపాయలు దాటకూడదు. మంత్రులు ఆ జీతానికే ఒప్పుకుని పనిచేశారు. అంతకు ముందు హైకోర్టులో వేలు చూసిన మనిషికి అది ఎంతపాటి?

మంత్రిగా ఆయన చేసిన పెద్ద పని జమీందారీల మీద విచారణ. ఆ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఊరూరా తిరిగి రైతుల్ని అడిగారు, పాత కాగితాలు తీయించారు. జమీందారు 1802 శాశ్వత పైసలా నాటికి ఎంత శిస్తు తీసుకునేవాడు, ఇప్పుడు ఎంత గుంజుతున్నాడు అని లెక్క చూశారు. భూమికి సొంతదారు రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే, పెంచిన శిస్తులు పాత మట్టానికి దిగాలి అని 1938లో తేల్చారు. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీ రద్దు చట్టం వచ్చిందంటే దానికి పునాది అక్కడే పడింది.

అంటే తరాల తరబడి ఎవరూ అడగని రాజాల్నీ జమీందార్లనీ లెక్క అడిగిన మనిషి ప్రకాశం గారు. అలాంటి మనిషినే లెక్క అడిగే రోజు వచ్చింది.

పర్సుల మాట

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పట్టుబడి 1945లో విడుదలయ్యారు. అప్పటికి డెబ్భై మూడేళ్ళు. ఆస్తి లేదు, సంపాదన లేదు. ఊళ్ళు తిరుగుతుంటే జనం తండోపతండాలుగా వచ్చి సన్మానాలు చేశారు, పర్సులు ఇచ్చారు. పర్సు అంటే అప్పటి అలవాటు ప్రకారం సభలో నాయకుడికి నలుగురూ వేసుకుని అందించే డబ్బు సంచి. ఆయన ఆ డబ్బు తన అవసరాలకి వాడుకున్నారు.

ఈ సంగతి మీద గాంధీగారికి ఫిర్యాదు పోయింది. గాంధీగారు ఊరుకునే మనిషి కాదు. ప్రకాశం గారినే అడిగారు. ప్రజా సేవకుడికి ప్రజలు ఇచ్చిన సంచి ప్రజలదే అవుతుంది, దాన్ని సొంతానికి వాడుకోకూడదు అన్నది గాంధీగారి పట్టు. జనం నా త్యాగం తెలిసి, నా అవసరం తెలిసి నాకే ఇచ్చారు, ఇందులో దాచింది ఏమీ లేదు అన్నది ప్రకాశం గారి వాదన. ఇద్దరూ మొండివాళ్ళే. గాంధీగారి మాట మీద కోర్టు వదిలి, ఆస్తి పోగొట్టుకుని, జైళ్ళలో ఏళ్ళు గడిపిన మనిషికి అదే గాంధీగారి దగ్గర నుంచి ఈ ప్రశ్న వస్తే గుండెలో ఎంత గుచ్చుకుందో మనం ఊహించుకోవచ్చు.

ఇందులో రాజకీయం లేదా అంటే ఉంది. అది 1946, మద్రాసు ప్రధానమంత్రి ఎవరు కావాలన్న పోటీ నడుస్తున్న సమయం. ఇప్పుడు ముఖ్యమంత్రి అంటున్న పదవినే అప్పుడు ప్రధాని అనేవాళ్ళు. పైవాళ్ళకి రాజాజీ కావాలి. ఇక్కడి శాసనసభ్యుల్లో చాలామందికి రాజాజీ వద్దు. ఆ సమయంలో పర్సుల సంగతి పైకి రావడం కొందరికి బాగా అక్కరకొచ్చింది. అందుకే మన తెలుగువాళ్ళు చాలామంది ఇదంతా కుట్ర అని కొట్టిపారేస్తారు.

మేము అలా అనుకోవడం లేదు. అడిగేవాడి మనసులో ఏముందో అది వేరు, అడిగిన ప్రశ్న వేరు. శత్రువు అడిగినా ప్రశ్న సరైందైతే జవాబు చెప్పాల్సిందే. మా సైటులో ఇది రోజూ చూస్తాం. కాంక్రీటు పోసే ముందు కన్సల్టెంటు వచ్చి కడ్డీలు లెక్కపెడతాడు, దూరం కొలుస్తాడు, కవర్ బ్లాకులు చూస్తాడు. ఒక్కోసారి కావాలనే సతాయిస్తాడు. అయినా టేపు చూపించే అంకె అంకే. గోడకి రసమట్టం పెడితే మేస్త్రిని దొంగ అన్నట్టు కాదు. మంచి మేస్త్రి తనే రసమట్టం తీసి ముందు పెడతాడు.

శాసనసభ్యులు ప్రకాశం గారినే నాయకుడిగా ఎన్నుకున్నారు. 1946 ఏప్రిల్ 30న ప్రమాణం చేశారు. పదవిలో పదకొండు నెలలు కూడా నిండలేదు. ఆ కొద్దికాలంలో ఫిర్కా అభివృద్ధి పథకం పెట్టారు, ఉత్పత్తిదారులూ వినియోగదారులూ కలిసిన సహకార సంఘాలు మొదలుపెట్టారు. చేనేత, ఖద్దరు బతకాలని కొత్త బట్టల మిల్లులకి అడ్డుచెప్పారు. మిల్లులవాళ్ళకి కోపం వచ్చింది, సొంత పార్టీలోనూ వ్యతిరేకులు పెరిగారు. 1947 మార్చిలో దిగిపోవాల్సి వచ్చింది. ఒక్క విషయం గమనించండి. డబ్బు సంచి గురించి అంత గొడవ జరిగిన మనిషి, కుర్చీలో కూర్చున్నాక డబ్బున్న మిల్లుదార్లని ఎదిరించారు గాని వాళ్ళ పక్కన చేరలేదు. డబ్బుకి అమ్ముడుపోయే మనిషి అయితే ఆ కుర్చీ నిలబెట్టుకోవడానికి దారి ఎదురుగానే ఉంది.

చివరికి మిగిలింది

తర్వాత కాంగ్రెస్ వదిలి వేరే పార్టీ పెట్టారు. 1952 ఎన్నికల్లో మద్రాసులో ఓడిపోయారు. పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే, ఎనభై ఒకటో ఏట మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు ఆ కాలంలోనే వచ్చాయి. విజయవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట పోయిన చోట కొత్త బ్యారేజీకి శంకుస్థాపన చేసిందీ ఆయనే. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు ఎంత ఖరీదు చేస్తుందో, దాన్ని కొనుక్కునేవాళ్ళు ఎంతమంది ఉంటారో ఈ రోజు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన కొనలేదు. దిగిపోయారు.

1957 ఎండాకాలంలో ఒంగోలు దగ్గర హరిజనవాడకి వెళ్ళినప్పుడు వడదెబ్బ తగిలింది. హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్నుమూశారు. రెండుసార్లు ముఖ్యమంత్రి స్థాయిలో కూర్చుని, ఒకప్పుడు లక్షలు చూసి, చివరికి ఆస్తిపాస్తులు లేకుండానే వెళ్ళిపోయారు. పర్సుల మీద వచ్చిన ప్రశ్నకి అదే పెద్ద జవాబు అని మన పెద్దలు అంటారు. నిజమే, పెట్టెలో ఏమీ దాచలేదని ఆ రోజు అందరికీ తేలింది.

కానీ మా బాధ ఒకటే. మనిషి పోయాక తేలే ఆడిట్ ఆ మనిషికి ఏం పనికొస్తుంది? బతికుండగా పదకొండేళ్ళు ఆ మచ్చ మోశారు. ఏ ఊళ్ళో ఎంత వచ్చింది, అందులో ఇంటి ఖర్చుకి ఇంత, పని ఖర్చుకి ఇంత అని ఒక్క నోటుపుస్తకం మొదటి నుంచీ ఉండి ఉంటే, గాంధీగారు అడిగిన రోజే అది తీసి ముందు పెట్టేవారు. ఆ ఉత్తరాలు, ఆ మనస్తాపం ఏవీ ఉండేవి కావు. ఇంకో సంగతి కూడా ఉంది. పేదగా చనిపోవడం నిజాయితీకి గుర్తు కావచ్చు, లెక్క మాత్రం కాదు. ప్రకాశం గారి లాంటివాళ్ళు వందేళ్ళకి ఒకరు పుడతారు. మిగతావాళ్ళు ఆయన పేరు చెప్పుకుని, నేను కూడా ప్రజల మనిషినే, నన్ను అడగొద్దు అంటే మనం ఎలా ఒప్పుకుంటాం?

మనకి ఇందులో ఏముంది

ఇప్పుడు నాయకుడిని అడగడానికి చట్టమే ఉంది. సుప్రీంకోర్టు 2002లో, మళ్ళీ 2003లో ఇచ్చిన తీర్పుల వల్ల ఎంపీకి గాని ఎమ్మెల్యేకి గాని పోటీ చేసే ప్రతి అభ్యర్థీ తన ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అఫిడవిట్‌లో రాసివ్వాలి. భార్య లేక భర్త, తన మీద ఆధారపడ్డవాళ్ళ ఆస్తులూ రాయాలి. దోహాలో కూర్చుని ఫోనులోనే ఎన్నికల సంఘం సైటు తెరిచి అది చదువుకోవచ్చు. ఐదేళ్ళ కిందటి అఫిడవిట్, ఇప్పటిది పక్కపక్కన పెట్టి చూడండి. గాలి కబుర్ల కంటే అది మేలు. 2005 సమాచార హక్కు చట్టం కూడా భారత పౌరులందరిదీ. గల్ఫ్‌లో ఉన్నంత మాత్రాన మన హక్కు పోదు. ఆధారం లేకుండా దొంగ అనడం సులువు, కాగితం చదివి అడగడం కష్టం. కష్టమైన పని చేద్దాం.

నాయకుల్ని అడిగే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. ఒక క్యాంపులో తోటి పనివాడు చనిపోతే తలా కొంత వేశారు. ఏ క్యాంపు అన్నది ఇక్కడ అనవసరం. డబ్బు పోగు చేసినవాళ్ళు మంచివాళ్ళే, ఆ కుటుంబానికి పంపారు కూడా. కానీ ఎంత వచ్చింది, ఎంత పంపారు అన్నది గోడ మీద అంటించలేదు. ఎవరో ఏదో అన్నారు. ఇంకెవరో నిజమే అన్నారు. మరుసటి ఏడు ఇంకో ఇంటికి కష్టం వస్తే చేతులు జేబుల్లోనే ఉండిపోయాయి. లెక్క లేకపోవడం వల్ల నష్టపోయింది డబ్బు పోగు చేసినవాళ్ళు కాదు, మొహం కూడా తెలియని ఆ రెండో కుటుంబం. పైగా ఈ దేశ చట్టం ప్రకారం అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదు. అందుకే ఏ సాయమైనా ఎంబసీ నీడలో ఉన్న సంస్థల ద్వారా, రసీదుతో జరగడమే మనకి క్షేమం.

వేదిక పనివాళ్ళుగా మేము మూడు మాటలు పెట్టుకున్నాం. వేదిక డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ ఉండదు, ఒక్క రాత్రికి కూడా. ఖర్చు ఎంత చిన్నదైనా కాగితం ఉంటుంది, టాక్సీకైనా సరే. సభ్యుడు అడిగితే ఎందుకు అడిగావని ఎదురు అడగం. పెట్రోలు సొంత జేబులోంచి పోసుకుని, సెలవు రోజు పోగొట్టుకుని తిరిగే కార్యకర్తలు మాలో ఉన్నారు. వాళ్ళని లెక్క అడిగితే మనసు నొచ్చుకుంటుంది, అది మాకు తెలుసు. ఆ నొప్పి ప్రకాశం గారంతటి మనిషికే తప్పలేదు. ఇచ్చినవాడికి తెలుసుకునే హక్కు ఉంది. త్యాగం ఎంత పెద్దదైనా ఆ హక్కు తగ్గదు.

ఈ పుస్తకం చివరి పేజీలో ఈ ఏడాది జమాఖర్చు వేశాం. ఫొటోలు చూసి పుస్తకం మూసేయకండి. ఆ పేజీ కూడా చదవండి. ఎక్కడైనా అంకె తేడాగా కనపడితే ఆ పక్కన గీత గీసి, పుస్తకం పట్టుకుని మా దగ్గరికి రండి.